గోడకు వేలాడే రొట్టె

అర్ధరాత్రి ఉజ్బెక్ సరిహద్దులో సబోహత్ తన శాశ్వత నివాసపు కార్డు చూపించింది. అధికారి కంప్యూటర్ వంక చూసి తల గోక్కున్నాడు.

"ఏం చెల్లెమ్మా, ఆటలా? ఈ కార్డుతో సాయంత్రమే లోపలికొచ్చావుగా."

"నాలుగేళ్లు బయట చదువుకుని ఇప్పుడే వస్తున్నానన్నా," అంటూ సబోహత్ ఇంటికి ఫోన్ చేసింది. "అమ్మా, నేను సబోహత్‌ని."

"ఎవరు నువ్వు? మా సబోహత్ సాయంత్రమే వచ్చింది. తన రొట్టె తింటోంది."

చదువుకు వెళ్లేరోజు తను ఒక్క ముక్క కొరికిన రొట్టె అది. మిగిలింది తిరిగొచ్చి తనే తినాలని, అక్కడి ఆచారం ప్రకారం అమ్మ గోడకు వేలాడదీసింది.

అమ్మ వెనక ఎవరో ఎండు రొట్టె కరకర నములుతున్నారు.

"ఇంకా ఎంత మిగిలిందమ్మా?"

"ఒక్క ముక్క," అంది అమ్మ, గొంతు తగ్గించి.

"అది తిననివ్వకు. నేనొస్తున్నాను."

అవతల నమిలే చప్పుడు ఆగింది.