అత్తయ్యల హోటల్, పదమూడు వారాలు

"లేనని చెప్పు," అంది లలితకుమారి, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే.

నిఖిల ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టింది. "వీడియో కాల్ అమ్మా. వెనకాల నువ్వు కనబడుతూనే ఉన్నావు."

"అయితే నిద్రపోతోందని చెప్పు."

"కూర్చునా?"

అవతల ఉన్నది నవత, తారాదేవి కూతురు. ఇదే సింగపూర్‌లో, చోవా చూ కాంగ్‌లో ఉంటుంది. తారాదేవి కూతురి దగ్గరికొచ్చి నెల్లాళ్ళయింది. వచ్చిన దగ్గర్నుంచీ లలితని చూడాలని ఒకటే గోల. తనే వద్దామంటే గుండె జబ్బు మనిషి, లిఫ్టు దాకా నడవలేదు.

నిఖిల ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేసింది. "మన ఆంగ్ మో కియోలో ఎక్కితే తిన్నగా అక్కడ దిగడమే. రైలు కూడా మారక్కర్లేదు."

"దారి తెలీక మానేశానా?"

సోఫాలోంచి మనవరాలు కీర్తిక తలెత్తింది. "సో లాంగ్ అగో ఆల్రెడీ, అమ్మమ్మా! జస్ట్ గో లా!"

చాలా కాలమైన మాట నిజమే. పద్దెనిమిదేళ్ళు. హైదరాబాదులో ఆరేళ్ళపాటు నడిచిన ఓ సీరియల్లో లలితకుమారి, తారాదేవి, ఈరమ్మ ముగ్గురూ అత్తయ్యలు. హీరోయిన్ ఏడుస్తుంటే వెనకాల నిలబడి మూతులు తిప్పడం వాళ్ళ పని. ఏడుపు కంటే ఆ మూతులు తిప్పడమే జనానికి ఎక్కువ నచ్చింది. దాంతో ఛానెల్ వాళ్ళు ముగ్గుర్నీ అందులోంచి బయటికి తీసి, చేతికో పాత హోటలిచ్చి, 'అత్తయ్యల హోటల్' అని విడిగా కామెడీ సీరియల్ మొదలుపెట్టారు. తారాదేవి గల్లాపెట్టె దగ్గర, ఈరమ్మ వంటింట్లో, గదుల తాళాలు లలితకుమారి దగ్గర. యాభై దాటిన ముగ్గురాడవాళ్ళ బొమ్మలు బస్సుల మీద కూడా వేశారు.

అంత చేసీ అది పదమూడు వారాలే నడిచింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే లలితకుమారి భర్త సుధాకరరావుకి పక్షవాతం వచ్చింది. ఆవిడ ఆసుపత్రి నుంచి తిన్నగా మేకప్పుకి వెళ్ళేది, డైలాగు కాగితం చూసుకునే తీరిక కూడా ఉండేది కాదు. ఆ సీరియలే లేకపోతే ఇల్లు గడవదు.

"నీకు తెలీదే, అదెంత పొగరుబోతో," అంది లలితకుమారి. "కెమెరాకి వీపు పెట్టుకుని, నా డైలాగు నాకంటే ముందే గొణిగేది. అందరి డైలాగులూ తనకే వచ్చని చూపించుకోవడం! అందించడానికి అసిస్టెంట్ డైరెక్టర్ లేడూ?"

"సీరియల్ ఆగిపోయింది అందుకు కాదుగా?"

"తన వేషం పోతోందని ఆపించింది."

పదమూడో వారం లలితకుమారి సెట్టులోకి అడుగుపెట్టేసరికి టైలర్ ఎవరో కొత్తావిడకి జాకెట్టు కొలతలు తీస్తున్నాడు. సీరియళ్ళలో ఇది మామూలే. ఒకరు పోయి ఇంకొకరొస్తే తెర కింద 'ఇకపై ఈ పాత్రలో ఫలానా' అని ఓ లైను వేస్తారు. చూసేవాళ్ళు రెండ్రోజులు గొణుక్కుని ఊరుకుంటారు. ఈసారి ఎవరి వంతో ఆవిడ ఎవర్నీ అడగలేదు. అడిగే అవసరం రాలేదు. ఆ మధ్యాహ్నమే నిర్మాత జనార్ధనరావు గదిలోంచి తారాదేవి అరుపులు యూనిట్ మొత్తానికీ వినబడ్డాయి. విసురుగా బయటికొచ్చి, ముఖానికున్న రంగైనా తుడుచుకోకుండా ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. సోమవారానికల్లా సెట్టు పీకేశారు. ఆ ఏడాదే సుధాకరరావు పోయాడు.

"మీ నాన్న మంచంలో ఉండగా నా నోటికాడి కూడు లాగేసిందే. ఎలా వెళ్ళను?"

"పాపం, ఆ తరవాత ఆవిడకి మళ్ళీ ఒక్క వేషం కూడా రాలేదటమ్మా."

"నిర్మాత మీద అరిచొచ్చిన దానికి ఎవరిస్తారు?" అందేగానీ, ఆ పూట లలితకుమారికి అన్నం సయించలేదు. ముగ్గురూ ఒకే క్యారియర్లో తిన్న రోజులు గుర్తొచ్చాయి. ఈరమ్మ ఎప్పుడో పోయింది. ఇక మిగిలింది ఇద్దరే.

గురువారం కీర్తికని పిలిచింది. "ఆదివారం నన్ను తీసుకెళ్ళు. దెబ్బలాడటానికే వెళుతున్నానని మీ అమ్మకి చెప్పు."

శనివారం పొద్దున్న మళ్ళీ నవత ఫోన్ చేసింది. ఈసారి నిఖిల చెయ్యి అడ్డం పెట్టలేదు. "అయ్యో, ఎప్పుడు?" అని మాత్రం అడిగింది. లలితకుమారి చేతిలో కాఫీ అలాగే చల్లారిపోయింది.

ఆ పూటే రైలెక్కారు. క్రాంజీ స్టేషన్ దాటాక లలితకుమారి కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. నెల్లాళ్ళుగా ఇంత దగ్గరలో ఉన్న మనిషిని చూడ్డానికి ఈవిడకి తీరలేదు.

హాల్లో చాప మీద తారాదేవిని పడుకోబెట్టారు. మనిషి చిన్నపిల్లంత అయిపోయింది. లలితకుమారి పక్కన చతికిలబడి, "తారా, నేనే, లలితని," అంది. ఇంకోసారి అంది. ఆ తరవాత గుండె పగిలేలా ఏడ్చింది.

నవత వచ్చి పక్కన కూర్చుంది. "నిన్న రాత్రి కూడా మీరొస్తారా అని అడిగింది ఆంటీ."

"ఎందుకమ్మా అంత పంతం మీ అమ్మకి? తన వేషానికి ఇంకొకర్ని తెచ్చారని అందరి పొట్టా కొట్టి, తనూ ఏమీ లేకుండా పోయింది. కాస్త తగ్గి ఉంటే సరిపోయేది కదా."

నవత తల్లి మీది దుప్పటి సర్దింది. "తను ఉన్నన్నాళ్ళూ మీకు చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకుంది."

"ఏమిటి చెప్పొద్దని?"

"ఆ రోజు టైలర్ దగ్గర మీరు చూసినావిడ అమ్మ వేషానికి రాలేదు."

"మరి ఈరమ్మ వేషానికా?"

నవత తల అడ్డంగా ఊపింది.

"మీ వేషానికి, ఆంటీ."