ప్రత్యక్ష ప్రసారం

కొచ్చిలో గుండె వైద్యుల మహాసభ, ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం. చర్చి ఉపదేశిగా ప్రారంభ ప్రార్థన చేసి, నేను ముందు వరుసలో కూర్చున్నాను.

గుండెపోటు లక్షణాలు వివరిస్తున్న డాక్టర్ కురువిళ ఉన్నట్టుండి మాట ఆపి, ఛాతీ పట్టుకుని, బల్ల మీదికి ఒరిగాడు.

"అబ్బ, ఏం నటన!" అన్నాడు నిర్వాహకుడు బేబిచ్చన్. "ఉపదేశిగారూ, ఫోను తీసి అడ్డంగా పట్టుకోండి. నిలువుగా తీస్తే ఆ చెమట కనపడదు."

మూడొందల మంది వైద్యులు ఫోన్లు ఎత్తారు. కళ్లుండీ చూడని జనమని లేఖనం గద్దించింది మమ్మల్నే. నేనూ ఎత్తాను.

ప్రసారం కింద వ్యాఖ్యల్లో, ఇంట్లో చూస్తున్న కురువిళ భార్య రాసింది: "అది నటన కాదు. ఎవరైనా లేచి ఆయన్ని పట్టుకోండయ్యా!"

బేబిచ్చన్ దాన్ని మైకులో చదివి వినిపించాడు. "చూశారా, ఇంటావిడే నమ్మేసింది!"

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. అందుకోవడానికి కురువిళ మాత్రం లేవలేదు.