నిద్ర లేవని కార్డు

అత్తగారి మీద యార్మోకి ఒకటే ఫిర్యాదు. ఆవిడ సాధించదు. సాధించే అత్తగారైతే చాటుగా నాలుగు తిట్టుకోవచ్చు, పెళ్లాం దగ్గర వాపోవచ్చు. అసలు నోరే విప్పని అత్తగారితో వేగడం ఎలా? దేన్ని పట్టుకుని ఏడవాలి?

పెళ్లయి ఎనిమిదేళ్లు. ఇన్నేళ్లలో అత్తగారు ఇర్మెలి అతన్ని ఏం పని చేస్తావని అడగలేదు. అతనూ ఆవిడని ఏమీ అడగలేదు. ఒకరి సంగతి ఒకరు తవ్వుకోకపోవడమే మర్యాద. అడక్కుండా చెప్పుకోవడం డాబు. ఆ ఇంట్లో మర్యాదకేం లోటు లేదు.

జూలై నెల. సైమా సరస్సు ఒడ్డున అత్తగారి వేసవి ఇల్లు. వరండాలో బల్ల మీద యార్మో పాత లాప్‌టాప్, దాని వెనక గోడలోంచి వచ్చిన నెట్ కేబుల్. చుట్టుపక్కల వాళ్లంతా కలిసి కందకం తవ్వి వేసుకున్న లైను అది. లైను బ్రహ్మాండంగా ఉంది. లాప్‌టాప్‌లోని నెట్‌వర్క్ కార్డే లేవనంటోంది.

సాయంత్రం నాలుగింటిలోగా యార్మో గీసిన గ్రంథాలయం ప్లాను పోటీకి చేరాలి. శీతాకాలమంతా రాత్రనక పగలనక గీశాడు. ఆఫీసులో అతని చేతికి ఇంతవరకూ బస్‌షెల్టర్లు తప్ప ఏమీ ఇవ్వలేదు. బహుమతి రాకపోయినా పర్వాలేదు, తనకి గోడలూ తలుపులూ ఉన్న కట్టడం కూడా వచ్చని నలుగురూ చూస్తే చాలు. కారు చూస్తే భార్య సతు బజారుకి తీసుకెళ్లింది. ఫోనులో మాట వినబడాలంటే పడవల రేవు చివరికెళ్లి నిలబడాలి. అంతకుమించి దానిలోంచి ఏదీ పోదు, ఏదీ రాదు.

ఊగే కుర్చీలో ఇర్మెలి మేజోడు అల్లుతోంది.

"ఏమైంది?" అంది, సూదుల మీంచి చూపు ఎత్తకుండా.

ఆవిడ నోట ప్రశ్న రావడమే వింత. ఇంకెవరినైనా అడిగిందేమోనని యార్మో వెనక్కి తిరిగి చూశాడు.

"ఇది లినక్స్ అత్తయ్యా. మామూలు కంప్యూటర్లలా కాదు. నడపాలంటే కాస్త బుర్ర ఉండాలి."

"అలాగా."

"లోపల నెట్ పట్టుకొచ్చే కార్డు ఒకటుంటుంది. దాన్ని ఆడించేది డ్రైవర్. డ్రైవర్ అంటే బండి తోలేవాడు కాదు లెండి, చిన్న ప్రోగ్రాం. ఎవరో మహానుభావుడు ఊరికే రాసిచ్చాడు."

"ఊరికేనా? మంచి మనిషే అయితే."

"మంచివాడే కావచ్చు. పనివాడు మాత్రం కాదు."

సూదులు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ కదిలాయి.

యార్మో డ్రైవర్‌ని దించాడు, ఎక్కించాడు. కేబుల్ పీకాడు, పెట్టాడు. కంప్యూటర్ని ఆపి మళ్లీ మొదలెట్టాడు. లాప్‌టాప్‌లో ఉన్న వివరణ పేజీలన్నీ తిరగేశాడు. తెర మీద మాత్రం ఒకటే జవాబు: కార్డు పలకడం లేదు.

"నిన్న మూత వేసినప్పుడు కేబుల్ తగిలించే ఉందా?" అంది ఇర్మెలి.

"ఉంటే?"

"నిద్రపోయి ఉంటుంది. లేపాలి."

యార్మోకి నవ్వొచ్చింది. "పసిపిల్లా అత్తయ్యా, బుగ్గ గిల్లి లేపడానికి?"

"అలాగా," అంది ఆవిడ.

మధ్యాహ్నం దాటాక అతను రేవు చివరికెళ్లి సతుకి ఫోన్ చేశాడు. దోమలు కుడుతుంటే ఒంటికాలి మీద ఎగురుతూ తన గోడంతా వెళ్లబోసుకున్నాడు.

"అమ్మ ఉందిగా అక్కడ," అంది సతు. "అడుగు."

వెనక్కి వచ్చి అడిగాడు.

"అత్తయ్యా, కాఫీ ఉందా?"

ఉంది. దాల్చినచెక్క బన్ను కూడా ఉంది.

కాఫీ తాగుతూ కంప్యూటర్ రాసుకున్న చిట్టా అంతా చదివాడు. చదివినకొద్దీ ముఖం ఎర్రబడింది.

"మీరు ఊరికే అన్నా నిజమే అత్తయ్యా, ఇది నిద్రే. వాడెవడో కార్డుని నిద్రపుచ్చడం రాశాడు, లేపడం రాయలేదు. వీడికి కంప్యూటర్ ఎవరిచ్చారసలు? కోళ్లు కాసుకోమనాల్సింది."

"ఆ వేళ వాళ్లింట్లో ఏదో హడావిడి ఉందేమో."

"వాళ్లింట్లో హడావిడైతే మధ్యలో నా కొంప ముంచాలా?"

ఇర్మెలి అల్లిన మేజోడులో రెండు వరసలు విప్పి మళ్లీ మొదలెట్టింది.

నాలుగవడానికి ఇంకా పావుగంట ఉంది. యార్మో లాప్‌టాప్ మూత నెమ్మదిగా మూసేశాడు.

"పోనీలెండి," అన్నాడు. "వానొస్తే జనానికి బస్‌షెల్టర్లూ కావాలిగా."

ఆ మాటకి ఇర్మెలి సూదులు పక్కన పెట్టింది. కుర్చీ బల్ల దగ్గరకి జరుపుకుంది. లాప్‌టాప్‌ని తనవైపు తిప్పుకుని, మూత తెరిచి, ఒక్క వరుస టైపు చేసింది. వేళ్ల వంక చూడలేదు, తెర వంకా చూడలేదు. నీళ్లలో బాతులు పిల్లల్ని వెంటేసుకుని పోతుంటే వాటిని చూస్తోంది. యార్మో పొద్దున్నుంచీ తిరగేసిన పేజీల్లో ఎక్కడా ఆ వరుస లేదు.

కేబుల్ పక్కన పచ్చ దీపం వెలిగింది.

గ్రంథాలయం వెళ్లిపోయింది. చేరిందని అటునుంచి జవాబు కూడా వచ్చింది.

యార్మో కొరికిన బన్ను నమలడం మరిచిపోయి కూర్చున్నాడు. ఎలాగో మింగాడు.

"తప్పు నాదే అత్తయ్యా. పొద్దున మీరు చెప్పినప్పుడే వినాల్సింది."

"నీది కాదు, నాదే," అంది ఇర్మెలి, మేజోడు మళ్లీ చేతిలోకి తీసుకుంటూ. "మీ పెళ్లి కేకు పొయ్యిలో పెట్టి, అది పొంగేలోపు రాసేశాను ఆ డ్రైవర్ని, లేపే సంగతి రాయడం మరిచిపోయాను."