మందు కలిపిన మేత

“తిను బన్నీ, మందు కలిపాను!” కోడలు జెనిఫర్ బతిమాలుతోంది. అక్వేరియంలో ఆ ఆస్కార్ జాతి చేప మొహం తిప్పుకుంది. దాని వెనక నుంచి ఎర్రటి పురుగులు దారప్పోగుల్లా వేలాడుతున్నాయి.

“కడుపు నిండా నులిపురుగులేనట అత్తయ్యా. చెరువు పురుగులు మేపితే వస్తాయన్నాడు షాపాయన. మనం గింజల మేత తప్ప వెయ్యలేదుగా? ఈ మందు తినకపోతే బతకదట.”

ప్రభావతి చేప వంకే చూసింది. జెనిఫర్ కనబడితే గంతులేసే చేప, తనని చూస్తే మూలకి నక్కేది. కొడుకునీ తిప్పుకుంది, చివరికి చేపనీ తిప్పుకుందని కడుపు మండేది. అందుకే కోడలు ఆఫీసుకెళ్ళాక, బంటుమిల్లి నుంచి తమ్ముడు తెచ్చే చెరువు పురుగుల్ని తన చేత్తో తినిపించి మచ్చిక చేసుకుంది.

ఇప్పుడు చెయ్యి పెడితే గుట్టు బయటపడుతుంది. పెట్టకపోతే చేప చస్తుంది.

“ఇటివ్వమ్మా.”

చేతి గాజుతో అద్దం మీద తట్టింది. బన్నీ ఎగిరొచ్చి ఆమె వేళ్ళ మధ్య మేత లాక్కుంది.

జెనిఫర్‌కి అంతా అర్థమైంది. తిట్లు పడతాయని ప్రభావతి తల దించుకుంది.

“నా చేత్తో పెడితే ఎప్పుడూ ఇలా తినలేదు,” అంది జెనిఫర్ మూతి బిగించి.

ఆ కుళ్ళు ప్రభావతికి కొత్త కాదు. గాజు తీసి కోడలి చేతికి తొడిగింది.

“దీంతో తట్టు. నేననుకుని వస్తుంది.”