పద్నాలుగో నంబరు క్యారేజీ

“మా అత్తగారి నాలుకకి ప్రపంచంలో అందరి వంటా రుచిస్తుంది, ఒక్క నా వంట తప్ప,” అంటూ ఇల్లాలు క్యారేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి మూత బిగించింది.

సహాయ కేంద్రం వ్యాన్ నడిపే అక్క గుమ్మంలో నిలబడి ఊఁ కొట్టింది. వారానికి మూడుసార్లయినా వినే సంగతే. పదకొండేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, కూరలో కారం ఎక్కువైతే పొగరనీ తగ్గితే పిసినారితనమనీ తీర్పులు చెప్పిన ఆ పెద్దావిడ, నిరుడొక మధ్యాహ్నం కంచం పక్కకి నెట్టేసింది. ఈ తిండి తినేకంటే పస్తుండటం నయమని పెట్టె సర్దుకుని, ఊరికి అవతలి కొసన ఒక అద్దెగదిలోకి మారిపోయింది. తన వంట తానే వండుకుంటుందట. కొడుకు ఏమివ్వబోయినా పుచ్చుకోదు. కోడలి ఊసెత్తితే అసలు పలకదు.

“పైగా మొన్న మీ మరిది ఏమన్నాడో తెలుసా అక్కా? లారీ దిగి వాళ్ళమ్మని చూడబోయాడు. ఆవిడ పెట్టిన రెండు ముద్దలు తిని వచ్చి, ‘ఆ చేతి రుచే వేరు, కాస్త వెళ్ళి నేర్చుకోరాదూ’ అన్నాడు.”

“నువ్వేమన్నావ్?”

“ఏమంటాను? ఆ పూట ఉప్పు వెయ్యలేదు.”

ఇలాంటి మాటకి ఎప్పుడూ పగలబడి నవ్వే అక్క ఇవాళ పెదవులు కూడా కదపలేదు. క్యారేజీ అందుకోవడానికి చెయ్యీ చాచలేదు.

కేంద్రం పద్ధతి ఒకటుంది. సరుకులు కేంద్రానివి, పొయ్యి ఇల్లాళ్ళది. తమ ఇంటి వంటతో పాటు ఒక్క క్యారేజీ వండి ఇస్తే, కొనుక్కోలేని, వండుకోలేని ముసలివాళ్ళకి అది మధ్యాహ్నానికల్లా చేరుతుంది. ఎవరు వండారో తినేవాళ్ళకి చెప్పరు, ఎవరు తింటున్నారో వండేవాళ్ళకి చెప్పరు. రేపు వీధిలో ఎదురుపడితే ఎవరూ తల దించుకోకూడదని. క్యారేజీ మీద తెల్ల రంగుతో రాసిన నంబరొక్కటే గుర్తు.

ఈ ఇల్లాలి వాటాకి పద్నాలుగో నంబరు వచ్చి ఎనిమిది నెలలైంది. మొదటివారం తినే ముసలావిడ నమలలేకపోతోందని కబురొస్తే అన్నం మెత్తగా వండింది, కూరముక్కలు గరిటెతో మెదిపింది. ఆ తర్వాత నుంచి అక్క మోసుకొచ్చేవన్నీ మెప్పులే. గిన్నె వేలితో తుడుచుకుని తిందట. ఇంత కమ్మగా తిని ఎన్నేళ్ళయిందో అందట. ఆ చేతులకి దణ్ణం పెట్టాలని ఉందట. ఆ రోజు ఇల్లాలు అంట్లు తోముతూ కూనిరాగం తీసింది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆమె వంట బాగుందన్న మనిషి భూమ్మీద ఆ ఒక్కతే మరి.

ఆవిడకెవరూ లేరా అని ఓసారి అడిగింది. కేంద్రంలో చేరేటప్పుడు కాగితంలో ఎవరూ లేరనే రాయించిందనీ, తనకి మాత్రం నమ్మకం లేదనీ అక్క చెప్పింది. ఉండే ఉంటారు, ఉన్నారని చెప్పుకునే సుఖం లేక లేరని ఉంటుంది. అది విని ఇల్లాలికి ఒళ్ళు మండిపోయింది.

“ఆ ఇంటి కోడలెవరో ఒక్కసారి చూపించక్కా. నిలబెట్టి కడిగేస్తాను,” అంది.

నిన్న ఆ క్యారేజీ కదపకుండా తిరిగొచ్చింది. ఉప్పెక్కువైందేమోనని మనసు పీకుతూనే ఉంది. ఇవాళ ఒకటికి రెండుసార్లు రుచి చూసి మరీ సర్దింది.

“ఇవాళ ఇది ఆవిడ గదికి కాదమ్మా,” అంది అక్క చివరికి.

నిన్న ఎంత కొట్టినా తలుపు తియ్యలేదట. ఇంటివాళ్ళు తోసి చూస్తే నేలమీద పడి ఉంది. మోసుకెళ్ళి ఉచిత వార్డులో చేర్చారు. జబ్బేమీ లేదన్నాడు డాక్టరు, నీరసం. రోజు మొత్తానికి ఈ క్యారేజీ ఒక్కటే తిండట. గదిలో పొయ్యన్నదే లేదు.

ఇల్లాలు గడప మీద కూలబడింది. ఎనిమిది నెలలుగా తను సరదాగా చేస్తున్న వంట మీద ఒక ప్రాణం వేలాడుతోందని ఆమె ఏనాడూ అనుకోలేదు.

“తెలివొచ్చాక ఎవరికి కబురు చెయ్యమంటారని నర్సు అడిగిందట. నా క్యారేజీ వండే అమ్మకి చెప్పండి, ఆ చేతులు ఒక్కసారి చూడాలి అందట. ఈ ఒక్కసారికీ పద్ధతి పక్కన పెట్టడానికి కేంద్రం నడిపే మేడం కూడా ఒప్పుకుంది. వస్తావా?”

ఇల్లాలు లేచి పొయ్యి ఆపింది. తలుపు తాళం వేసిందో లేదో కూడా చూసుకోలేదు. క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని వ్యానెక్కింది. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంది. ఇక ఆవిడని ఒంటరిగా వదిలేది లేదు.

“కోలుకోగానే మా ఇంటికే తెచ్చేసుకుంటానక్కా. అత్తగారి గది ఖాళీగానే ఉంది. తెలిసి ఆవిడ కుళ్ళుకుంటే కుళ్ళుకోనీ,” అంది. భర్త ఎల్లుండి లారీ దిగగానే చెప్పి ఒప్పించే పూచీ కూడా తనదేనంది.

వార్డు పొడుగ్గా, మందుల వాసనతో ఉంది. చివరి మంచానికి ఆకుపచ్చ తెర కట్టి ఉంది. అక్క ముందు నడిచి తెర పక్కకి లాగింది.

“ఇదిగోనమ్మా, మీ క్యారేజీ వండే ఆవిడ.”

ఇల్లాలు ఒక్క అడుగు లోపలికి వేసి ఆగిపోయింది. మంచం మీది ముసలి కళ్ళు క్యారేజీని చూశాయి, దాన్ని పట్టుకున్న చేతిని చూశాయి, తర్వాత మెల్లగా మొహం దాకా వచ్చి అక్కడే నిలిచిపోయాయి. సెలైన్ బొట్లు ఒకటొకటిగా పడుతున్నాయి. సంగతేమిటో బోధపడక అక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“నీ వంటకి వంక పెట్టడం నా తప్పేనే, కోడలా,” అంది పద్నాలుగో నంబరు.