రిలీవర్

తొంభై ఆరులో, దోహాలోని ఓ హోటల్లో ఎగ్జిబిషన్ మూసేశాక లోపల ఇద్దరే మిగిలారు: వాచ్‌మన్ గంగారాం, గొడ్డలి పట్టుకున్న మైనపు బొమ్మ. వెయ్యేళ్ల కిందట ఉత్తర సముద్రాలు దాటొచ్చి, కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తికి జీతానికి కాపలా కాసిన సిపాయి బొమ్మ అది.

బొమ్మ తన బరువును కుడికాలి మీంచి ఎడమకాలి మీదికి మార్చుకుంది.

గంగారాంకు భయంకన్నా ముందు జాలి కలిగింది.

"కాళ్లు గుంజుతున్నయా అన్నా? ఇంకా డ్యూటీ దిగలేదా?"

"సామ్రాజ్యమే పోయింది. నా డ్యూటీ అందుకోవాల్సిన రిలీవర్ మాత్రం రాలేదు," అంది బొమ్మ, గల్ఫ్‌లో అందరూ మాట్లాడే హిందీలో.

"మా కంపెనీ గిట్లనే."

"కాస్త ఇది పట్టుకో. ఒంటేలుకు పోయొస్తా."

వాచ్‌మన్లు రోజూ అడిగే సాయమే. గంగారాం గొడ్డలి అందుకున్నాడు. బరువైన అడుగుల చప్పుడు మెట్లు దిగి, వీధిలో కలిసిపోయింది.

చాలాసేపటికి గొడ్డలి కింద పెట్టబోయాడు. వేళ్లు విడలేదు.

గంగారాం తన బరువును ఎడమకాలి మీదికి మార్చుకున్నాడు.