నాసిరకం ఇల్లు

“ఈ దూలాలు వట్టి నాసిరకం,” అన్నాడు పాత ఇళ్ళ విలువ తేల్చే అధికారి, టార్చిలైటు పైకప్పు మీదికి వేసి.

ఇల్లాలికి ప్రాణం లేచొచ్చింది. ఈ ఇంటికి చారిత్రక విలువ ఉందని ఈయన ఒక్క ముక్క రాశాడంటే ఇక గోడకి మేకు కొట్టడానిక్కూడా వీల్లేదు. లేదని రాస్తే హాయిగా పడగొట్టి, లిఫ్టున్న కొత్త ఇల్లు కట్టుకోవచ్చు. మోకాళ్ళ నొప్పులతో ఆ నిటారు మెట్లు ఎక్కి దిగే ఖర్మ ఆవిడకి తప్పుతుంది. అందుకే పొద్దుట్నుంచీ మొగుడికి నూరిపోసింది: “ఆయనేమన్నా ‘అవునండీ’ అనండి. అంతే!”

“నాసిరకమా?” అన్నాడు మొగుడు. “మా తాతగారు దగ్గరుండి ఏరిన కలపండీ అది!”

ఆవిడ మొగుడి మోచెయ్యి గిల్లింది.

“పాపం, ఆయనకి చూపు ఆనేది కాదేమో. సగానికి సగం చెదలే,” అన్నాడు అధికారి. “ఈ కమాను కూడా వంకర.”

“వంకర కాదు, అది శైలి!”

“వంకరేనండీ,” అంది ఇల్లాలు కంగారుగా. “నేను కాపరానికొచ్చిన రోజు నుంచీ చూస్తున్నా.”

“నువ్వూరుకోవే! దాన్ని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవారు సార్.”

“చుట్టాలొచ్చేవారు. అదీ భోజనాలవేళకి.”

“అదుగో, ఆ మూలగదిలో సాక్షాత్తు మహారాజుగారే బస చేశారు!”

“అది బొగ్గులగది కదండీ!” ఆవిడ నెత్తి కొట్టుకుంది. తన గొయ్యి తానే తవ్వుకునేవాళ్ళ గురించి విన్నది గానీ, పెళ్ళాన్ని కూడా వెంటబెట్టుకుని దూకేవాణ్ణి ఇప్పుడే చూస్తోంది. ఒళ్ళు మండిపోయింది.

అధికారి పెదవి విరిచాడు. కుర్చీ లాక్కుని కూర్చుని ఏదో గబగబా రాసి, ముద్ర గుద్దాడు. ఆవిడ గట్టిగా కళ్ళు మూసుకుంది.

“‘సాదాసీదా ఇల్లు. కాపాడదగ్గదేమీ లేదు. నిరభ్యంతరంగా కూల్చుకోవచ్చు.’ ఇదిగోండి,” అంటూ కాగితం మొగుడి చేతిలో పెట్టాడు.

ఇల్లాలికి సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది. బిల్డరుకి చెప్పడానికి వెంటనే ఫోను తీసింది.

మొగుడు కాగితం ఒకటికి రెండుసార్లు చదివాడు. మొహం జేవురించింది.

“సార్, దీని మీద పైఅధికారికి అప్పీలు చేసుకోవాలంటే ఎక్కడికెళ్ళాలి?” అన్నాడు.